ఆదివారం ఒక్కటే చేతిలో ఉంటే ఊరి చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలె?

నర్సంపేట రోడ్డు:
హన్మకొండలో ఉద్యోగం. వారానికి ఆరు గంటలకు మించి దొరకవు. చదివింది బీకాం. ఊరి చరిత్ర పద్ధతిగా నేర్చుకోవాలని ఉన్నది. చెరువు కట్ట మీద నాలుగు పలకల శాసన స్తంభం ఉన్నది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదామని ఆలోచన. ఎం.ఏ.లో చేరాల్నా, సొంతంగ చదివితే నడుస్తదా? రాయి మీది తేదీని ఇంగ్లిష్ సంవత్సరంలోకి ఎట్ల మార్చాలె? ఉర్దూ రానోళ్లకు నిజాం నాటి కాగితాలతో పనైతదా?

మత్తడి:
ఎం.ఏ. మంచిదే, కానీ అది మీ ఊరి చరిత్ర చెప్పదు. ఆధారాన్ని ఎలా తూచాలో నేర్పుతుంది, అంతే. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఏ డిగ్రీ ఉన్నవాళ్లయినా చరిత్రలో చేరొచ్చు. ఏటా జనవరి, జూలైల్లో ప్రవేశాలు. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు. ఉద్యోగస్తులు నాలుగేళ్ల లెక్కతోనే దిగడం మేలు. ఆగిపోయేవాళ్లలో చాలామంది పరీక్షల దగ్గర కాదు, అసైన్‌మెంట్ల దగ్గర ఆగిపోతారు. అవి ఇవ్వకుండా పరీక్ష రాసినా ఆ పేపరు పూర్తయినట్టు కాదు. కాకతీయ విశ్వవిద్యాలయం దూరవిద్యా కేంద్రం, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రకటనలు కూడా చూడండి. నా మాటయితే ముందు ఆరు నెలలు ఆ స్తంభం మీద పెట్టండి, ఫీజు సంగతి తర్వాత.

అంశం మాత్రం చిన్నదిగా పట్టుకోండి. 'మా ఊరి చరిత్ర' అని మొదలుపెడితే మూడో నెలకే కాకతీయుల వంశవృక్షంలో చిక్కుకుంటారు. 'ఈ చెరువు ఎవరు కట్టించారు, తూము కింద ఎవరికి ఎంత భూమి ఇచ్చారు' అన్నది ఒక మనిషి మోయగల ప్రశ్న.

మొదటి ఆదివారం హన్మకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి వెళ్లండి, 1904 నాటిది. జిల్లాల వారీ శాసన సంపుటాల గురించి అడిగి, మీ రాయి ఇప్పటికే అచ్చయిందేమో చూడండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఊరిని ఇప్పటి జిల్లా పేరుతో వెతికి, లేదనుకుని వెనక్కి వస్తారు. పాలంపేట ఇప్పుడు ములుగు జిల్లా, పాత సంపుటాల్లో వరంగల్. బయ్యారం 2016 దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. ఆ ఖమ్మమే 1953కు ముందు వరంగల్ జిల్లాలో భాగం. కరీంనగర్ వైపు ఊళ్లకైతే 1905కు ముందు కాగితాల్లో ఎలగందుల జిల్లా అని ఉంటుంది. కాబట్టి ఊరి పేరుకు పాత తాలూకా, పాత జిల్లా రెండూ రాసి పెట్టుకుని వెళ్లండి.

వడ్డవారం:
తేదీ సంగతి నేను చెబుతాను. శక సంవత్సరానికి 78 కలపాలని అందరికీ తెలుసు. తప్పు జరిగేది అక్కడే. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను (సంవత్సరం పేరు), మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం (శనివారం). 78 కలిపితే 1162 వస్తుంది. కానీ శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోయి ఉంటుంది. అందుకే అది 1163 జనవరి 19. రామప్ప శాసనం శక 1135, శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. సంవత్సరం మొదట్లోనే ఉంది కాబట్టి 78 చాలు, 1213 మార్చి 31. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా 79 కలపండి.

తర్వాత సంవత్సరం పేరుతో సరిచూడండి. 1987 ప్రభవ, అరవై పేర్లలో మొదటిది. అందులోంచి అరవైలు తీసేస్తూ పోతే 1147 కూడా ప్రభవే. చిత్రభాను పదహారోది కాబట్టి 1162 ఉగాది నుంచి 1163 ఉగాది దాకా. శాసనంతో సరిపోయింది. పేరూ అంకే కలవకపోతే ముందు మీ చదువును అనుమానించండి, తర్వాత చెక్కినవాణ్ణి.

వారంతో మూడోసారి చూడాలి. ఫోన్ క్యాలెండర్‌ను మాత్రం నమ్మకండి. అది ఇప్పుడు వాడే గ్రెగోరియన్ లెక్కలో చూపించొచ్చు, శాసన తేదీలు అంతకు ముందున్న జూలియన్ లెక్కలో చెబుతారు. 1100 మార్చి నుంచి 1300 ఫిబ్రవరి దాకా రెంటికీ తేడా సరిగ్గా 7 రోజులు. అంటే వారం కలుస్తుంది, తిథి కలవదు. తప్పు దొరకదు, అదే ప్రమాదం. తేదీ శ్లోకంలో ఉంటే అంకెలకు బదులు మాటలుంటాయి: చంద్రుడు 1, కన్నులు 2, వేదాలు 4. వాటిని వెనక నుంచి ముందుకు చదవాలి.

ఫొటోలు మధ్యాహ్నం తీస్తే అక్షరం కనబడదు. పొద్దున ఏడు లోపల వెళ్లండి, లేదా చీకటి పడ్డాక టార్చి రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. ఎడమ, కుడి, పైన, కింద, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో. రెండు మూడు పంక్తులకో ఫొటో, ముందు ఫొటోలోని చివరి పంక్తి తర్వాతి దాంట్లో మళ్లీ రావాలి. పక్కన స్కేలు పెట్టండి. మీది నాలుగు పలకలది కాబట్టి సూర్యచంద్రుల బొమ్మ ఉన్న ముఖం సాధారణంగా మొదటిది. 'స్వదత్తాం పరదత్తాం వా' కనబడితే దానం వివరాలు అయిపోయినట్టే. అది అన్ని చోట్లా ఉండే శాప శ్లోకం, దాని మీద ఆదివారాలు ఖర్చు చేయకండి.

శిఖం పట్టా:
ఉర్దూ రాకున్నా సగం పని అయితది. 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు) నకలు కోసం తహసీల్ ఆఫీసుల దరఖాస్తు పెట్టుండ్రి. సేత్వార్ కూడ అడుగుండ్రి, సర్వే నంబర్లకు అదే మూలం. సర్వే నంబరు, తరి (నీటి పొలం), ఖుష్కి (మెట్ట), ఇనాం (దానం భూమి), చెరువు శిఖం (నీళ్లు నిలిచే జాగ) ఎంత అన్నది చూసుకుంటే, శాసనంల చెప్పిన మడి ఇయ్యాల ఏ నంబర్ల ఉన్నదో అంచనా దొరుకుతది. అంచనానే, రుజువు కాదు.

అంతకు ముందటియి తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్‌ల చూడాలె. ఆ కాగితాల్ల ఫస్లీ (శిస్తు లెక్కల) సంవత్సరం ఉంటది, దానికి 590 కలుపుండ్రి. నిజాం రాజ్యంల ఫస్లీ ఏడు అక్టోబర్ల మొదలైతది కాబట్టి 1340 ఫస్లీ అంటే 1930-31. జనవరి నుంచి 591. అచ్చు ఉర్దూ మూడు నెలల్ల వస్తది గని, పట్వారీ చేతిరాత షికస్తా (గొలుసు రాత), సుక్కలు పెట్టరు. దానికి సదివేటోళ్లను పట్టుకునుడే నయం. చదివించేటప్పుడు ఉర్దూ మాటను తెలుగు లిపిల రాసుకోండ్రి, అర్థం ఒక్కటే రాసుకుంటె మళ్ల సరిచూడరాదు.

ముసలోళ్లను ఏ సంవత్సరం అని అడుగొద్దు. పోలీస్ చర్యకు ముందా, ఎనుకనా అని అడుగుండ్రి. అది 1948 సెప్టెంబర్ 13 నుంచి 17.

నర్సంపేట రోడ్డు:
మంచి సంగతులు చెప్పిన్రు. ఒక్క చిక్కు. రెండు పలకల మీద జాజు, సున్నం మందంగ పూసిన్రు. గోకి తీయొచ్చా?

వడ్డవారం:
వద్దు. ఇనుప బ్రష్షు, యాసిడ్ తగిలితే సున్నంతో పాటు అక్షరం అంచూ పోతుంది, తర్వాత ఎవరూ చదవలేరు. ముగ్గుపిండి, పసుపు, నూనె కూడా రుద్దకండి. దుమ్ము, నాచు ఉంటే నీళ్లు, మెత్తటి కుచ్చు చాలు. సున్నం పలకలను అలాగే వదిలి హెరిటేజ్ తెలంగాణ శాఖకు (రాష్ట్ర పురావస్తు శాఖ) ఫొటోలతో రాయండి. పూత కిందనైనా అక్షరం గుంట ఉంటుంది, పక్కవెలుగులో నీడ పడుతుంది. ముందు తెరిచి ఉన్న రెండు పలకలు పంక్తికి పంక్తిగా రాసుకోండి. చదవలేని చోట ఊహించి నింపకుండా ఎన్ని అక్షరాలు పడతాయో అన్ని చుక్కలు పెట్టండి.