సబ్‌మెరైనర్‌లా ఉండే హోమేజ్ వాచీ కొంటే తప్పేంటి?

ఓరుగల్లు_టిక్‌టిక్

అందరికీ నమస్తే. వాచీల పిచ్చి పట్టి మూడేళ్లయింది. ఇప్పటికి ఏడు ఉన్నాయి. నాన్న రిటైరయ్యేదాకా పెట్టుకున్న హెచ్‌ఎంటీ కోహినూర్, టైటాన్‌లు రెండు, ఒక సీకో 5, మిగతావి కాసియోలు. డైవర్ వాచీ, అంటే నీళ్లలో మునిగేవాళ్ల కోసం చేసేది, మాత్రం లేదు. మొదటి నుంచీ నాకు రోలెక్స్ సబ్‌మెరైనర్ రూపమంటే ప్రాణం, ఆ నల్లటి డయల్, దాని మీద గుండ్రటి తెల్ల చుక్కలు, డయల్ చుట్టూ తిరిగే బెజెల్ అనే రింగు. దాని ధర లక్షల్లో ఉంది, నాది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, ఇంటి లోన్ నడుస్తోంది, కాబట్టి ఇప్పట్లో అయ్యే పని కాదు.

అందుకే పగానీ డిజైన్ అనే చైనా కంపెనీ ఆటోమేటిక్ ఒకటి చూసి పెట్టుకున్నాను. సీకో ఎన్‌హెచ్35 మెషిన్, సఫైర్ గ్లాసు, సిరామిక్ బెజెల్, పది వేల లోపే వస్తోంది. దూరం నుంచి చూస్తే అచ్చం సబ్‌మెరైనరే, కానీ డయల్ మీద వాళ్ల సొంత పేరే ఉంది, రోలెక్స్ కిరీటం గుర్తు లేదు. ఇలా రూపం పెద్ద కంపెనీదీ, పేరు సొంతదీ అయితే దాన్నే హోమేజ్ అంటారు. మొన్న ఆదివారం నాకు తెలిసిన, వాచీలు సేకరించే ఒక పెద్దాయనకు ఫోటో చూపిస్తే "ఫస్ట్ కాపీకీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడదు బాబూ, చేతికి ఏమీ లేకపోయినా పర్లేదు, ఇది మాత్రం వద్దు" అన్నారు. ఆ మాట మనసులోంచి పోవట్లేదు. నేను ఎవరినీ మోసం చెయ్యట్లేదు కదా? దొంగ పేరు వేసుకున్న ఫస్ట్ కాపీ కాదు కదా? మీరంతా ఏమంటారో నిజంగా తెలుసుకోవాలని ఉంది, మొహమాటం లేకుండా చెప్పండి.

గుంటూరు_డయల్

తమ్ముడూ, ఆ పెద్దాయన అన్నంత కఠినంగా నేను అనను. ఫస్ట్ కాపీ వేరు, హోమేజ్ వేరు. కానీ నేనైతే కొనను, ఎందుకో చెప్తాను.

1972లో ఆడెమార్ పిగే అనే స్విస్ కంపెనీ రాయల్ ఓక్ అనే వాచీ తెచ్చింది. గీసింది జెరాల్డ్ జెంటా అనే డిజైనర్. ఎనిమిది మూలల బెజెల్, దాని మీద ఎనిమిది స్క్రూలు పైకే కనిపిస్తాయి, చైను వాచీ కేసులోంచే, అంటే బాడీలోంచే, పుట్టినట్టు ఉంటుంది. అంతకుముందు ఖరీదైన వాచీ అంటే బంగారంతో చేసిన సన్నటి వాచీ. అలాంటి రోజుల్లో ఉక్కు వాచీకి బంగారం వాచీ ధర పెట్టి అమ్మడమంటే ఎంత గుండె ధైర్యం కావాలి! జనం కొనకపోతే ఆ కంపెనీ మునిగేది. ఇప్పుడు ఏ ఆన్‌లైన్ షాపు తెరిచినా అదే ఎనిమిది మూలలు, అవే ఎనిమిది స్క్రూలు, ఐదారు వేలకు దొరుకుతున్నాయి. ఆ రిస్కు తీసుకున్నది ఒకళ్లు, దాని ఫలితం తినేది ఇంకొకళ్లు. నాకు నచ్చనిది అదే. కొలతలతో సహా దించేసి, పేరు మాత్రం మార్చడాన్ని గౌరవం అని నేను ఒప్పుకోలేను.

నీ దగ్గర కాసియోలు ఉన్నాయన్నావు. 2019లో వచ్చిన జీఏ-2100 చూడు, జీ-షాక్‌లో ఎనిమిది మూలలది, అందరూ కాసిఓక్ అని ముద్దుగా పిలుస్తారు. ఆ మూలలు చూడగానే రాయల్ ఓక్ గుర్తొస్తుంది, కానీ రెసిన్ బాడీ, డిజిటల్ ముక్క, జీ-షాక్ గట్టిదనం అన్నీ కాసియోవే. అరువు తెచ్చుకుని సొంతది ఒకటి కట్టారు. అలాంటిది ఎన్ని కొన్నా నేను కాదనను. ఇంకాస్త డబ్బులు కూడబెట్టుకుని ఓరియంట్ కమాసు తీసుకో, అది ఎవరి నీడా పడని డైవర్.

స్ప్రింగ్‌బార్_రాజు

గుంటూరు అన్నయ్య గారి మీద గౌరవంతోనే ఒక మాట. రాయల్ ఓక్ విషయంలో మీతో పూర్తిగా ఒప్పుకుంటాను, అది ఒక మనిషి ఊహ. సబ్‌మెరైనర్ కథ వేరు. 1953 ప్రాంతంలోనే బ్లాంక్‌పాన్ వాళ్ల ఫిఫ్టీ ఫాథమ్స్ వచ్చింది, జోడియాక్ సీ వుల్ఫ్ వచ్చింది, రోలెక్స్ సబ్‌మెరైనర్ వచ్చింది. మూడిట్లోనూ నల్లటి డయల్, చీకట్లో మెరిసే పెద్ద గుర్తులు, నిమిషాలు లెక్కపెట్టుకునే తిరిగే బెజెల్. ఎందుకంటే నీళ్లలో మునిగేవాడికి కావాల్సింది అదే. ఫిఫ్టీ ఫాథమ్స్ అయితే ఫ్రెంచి నేవీ డైవర్లు మాకు ఇలా కావాలి అని అడిగి చేయించుకున్న వాచీ. మన ఊళ్లో కొడవలి ఎవరు చేసినా కొడవలిలాగే ఉన్నట్టు, డైవర్ వాచీకి కూడా పని నుంచి పుట్టిన రూపం ఒకటి ఉంది. అది ఒక్క కంపెనీ సొత్తు అంటే నేను ఒప్పుకోను.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళానికి 55 మిల్లీమీటర్ల పైలట్ వాచీలు లాకో, స్టోవా, వెంపె, లాంగె, ఐడబ్ల్యూసీ అని ఐదు కంపెనీలు ఒకే నమూనాలో చేసిచ్చాయి. ఇప్పుడు ఆ డయల్‌తో ప్రపంచంలో ఎవరు వాచీ చేసినా కాపీ అని ఎవరూ తిట్టరు. డైవర్ దగ్గరికి వచ్చేసరికే ఇంత గొడవ దేనికి?

అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. నువ్వు చూసిన పగానీలో బెజెల్ ఒక్కటే కాదు, గంటల ముల్లు చివర మూడు గీతల గుండ్రం, తేదీ మీద భూతద్దం కూడా ఉన్నాయి కదా. అవి లేకపోయినా డైవర్‌కి పనేం ఆగదు. అవి చూడగానే రోలెక్స్ అనిపించాలనే పెట్టినవి. అవి తీసేసిన మోడల్ అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

ఇంకోటి, మన నాన్నల చేతికున్న హెచ్‌ఎంటీలు కూడా 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైనవే. అరువు లేకుండా ఎవరూ మొదలుపెట్టలేదు.

గుంటూరు_డయల్

హెచ్‌ఎంటీతో పోల్చకు రాజూ. సిటిజన్‌తో ఒప్పందం చేసుకుని, వాళ్ల దగ్గర పని నేర్చుకుని, వాళ్లకు తెలిసే చేశారు. అడిగి తెచ్చుకోవడానికీ అడక్కుండా తీసుకోవడానికీ తేడా లేదా? కొడవలి మాట మాత్రం బాగుంది, ఆలోచిస్తాను.

డాలస్_శ్రీను

ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటి నా అనుభవంలోంచి చెప్తా. అమెరికా వచ్చిన కొత్తలో నేను స్టైన్‌హార్ట్ ఓషన్ వన్ కొన్నాను, జర్మన్ కంపెనీ, సబ్‌మెరైనర్ హోమేజ్‌లలో పేరున్నదే, లోపల స్విస్ ఈటీఏ మెషిన్. ఐదేళ్లు రోజూ పెట్టుకున్నా, ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. వాచీ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఒకసారి విజయవాడలో మా మేనమామ కూతురి పెళ్లికి వచ్చినప్పుడు, భోజనాల బంతిలో పక్కనున్న బంధువు నా చెయ్యి చూసి "రోలెక్సా అల్లుడూ?" అన్నాడు. నేను కాదని చెప్పలేదు. నవ్వి ఊరుకున్నా. ఆయన ఇంకో నలుగురికి చెప్పాడు. అప్పుడూ ఊరుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా సిగ్గేసింది. డయల్ మీద దాని పేరు అది చక్కగా చెప్పుకుంటూనే ఉంది, చెప్పనిది నేనే. పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి "అది రోలెక్స్ కాదు మామయ్యా, స్టైన్‌హార్ట్, బావుంటుందని కొన్నా" అని చెప్పేశాను. ఆయన "అవునా, అదీ బానే ఉందిలే" అన్నాడు, అంతే.

కాబట్టి టిక్‌టిక్ గారూ, ఆ ప్రశ్న ఎవరో ఒకరు మిమ్మల్నీ అడుగుతారు. కాదండీ, ఇది ఫలానా అని మొహమాటం లేకుండా చెప్పగలననుకుంటే హాయిగా కొనండి. రోలెక్స్ అనుకుంటే అనుకోనీలే అనే ఆశ లోపల ఏ మూలో ఉంటే మాత్రం వద్దు, అది చేతికి బరువు.

కోఠి_కీ

మా నాన్నది వాచ్ రిపేర్ షాపు, నేను ఆ బల్ల పక్కనే పెరిగాను, ఇప్పుడు నేనూ అదే పని. కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు చట్టం. ఫస్ట్ కాపీ అంటే కంపెనీ పేరూ గుర్తూ దొంగిలించడం. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద తయారుచేసినవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఆకారం సంగతి వేరే. మన డిజైన్స్ చట్టం, 2000 ప్రకారం డిజైన్ రిజిస్ట్రేషన్ పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు, అంతే. అలాగని డయల్ మీద సొంత పేరుంటే చాలు అనుకోకండి. 2014లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు, స్విస్ లెజెండ్ అనే కంపెనీ సొంత పేరుతోనే అమ్మిన వాచీ మీద రాయల్ ఓక్ వాళ్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ఆ ఎనిమిది మూలల రూపమే జనానికి కంపెనీ గుర్తు అయిపోయింది అన్నది అక్కడ వాదన.

ఇక పని సంగతి. ఎన్‌హెచ్35 మంచి మెషిన్. అరుగుదల తగ్గించే 24 జ్యువెల్స్ (చిన్న రాళ్లు), గంటకు 21,600 బీట్లు, ఫుల్లుగా కీ ఇస్తే దాదాపు 41 గంటలు నడుస్తుంది, కీ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. చెడితే బాగుచెయ్యొచ్చు, పూర్తిగా పోతే మెషిన్ మొత్తం మార్చినా పెద్ద ఖర్చు కాదు. అదే ఫస్ట్ కాపీ తెచ్చినవాళ్లకు నేను ఏం చెప్పలేకపోతున్నాను. మూత తీస్తే లోపల పేరూ ఊరూ లేని మెషిన్, రబ్బరు రింగు సరిగ్గా కూర్చోదు, చెయ్యి కడుక్కున్నా గ్లాసు లోపల ఆవిరి. పోయిన నెల ఒక కుర్రాడు మొదటి జీతంతో కొన్నానని పన్నెండు వేల ఫస్ట్ కాపీ పట్టుకొచ్చాడు, అప్పటికే డయల్‌కు తుప్పు పట్టేసింది. వాడి మొహం చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

నాకు వీటన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకోటి ఉంది, దాని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. రీడయల్ హెచ్‌ఎంటీలు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేస్తున్నట్టు 2016లో కేంద్రం ప్రకటించాక జనతా, పైలట్, కోహినూర్‌ల కోసం జనం ఎగబడ్డారు. పాత డయల్ గీకేసి, ఎర్రటి రంగూ చిలకపచ్చ రంగూ వేసి, అక్షరాలు మళ్లీ అచ్చేసి, అసలు ఫ్యాక్టరీలో ఎప్పుడూ రాని రంగుల్లో "వాడని పాత స్టాకు" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ముంబై స్పెషల్ అని వాచీలు సేకరించే విదేశీయులు కూడా వీటికి పేరు పెట్టేశారు. హోమేజ్ వాచీ తన పేరు తాను చెప్తుంది. ఇవి హెచ్‌ఎంటీ పేరుతోనే అబద్ధం చెప్తాయి. ఒక్కోసారి ఇంట్లో తాతగారి అసలైన వాచీని కూడా పాతబడిందని రంగు వేయిస్తుంటారు. దయచేసి అలా చేయించకండి. గుర్తు పట్టాలంటే భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి, ఉబ్బినట్టు, వంకరగా ఉంటాయి, నిమిషాల గీతలు గంటల గుర్తులతో కలవవు. టిక్‌టిక్ గారూ, నాన్నగారి కోహినూర్ డయల్ మాసిపోయినా సరే అలాగే ఉంచండి. నూనె వేయించి, గ్లాసు మార్పిస్తే చాలు.

ఓరుగల్లు_టిక్‌టిక్

అందరికీ థ్యాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు. శ్రీను గారూ, మీ పెళ్లి సంగతి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నిజం చెప్పాలంటే ఆ ఆశ నాకూ కొంచెం ఉంది. ఆఫీసులో ఎవరైనా చూసి ఆగితే బావుంటుందని అనుకున్నాను. అందుకే భూతద్దం ఉన్న ఆ మోడల్ కార్ట్‌లోంచి తీసేశా. గుంటూరు అన్నా, కమాసు బావుంది కానీ నాకు ఆ గుండ్రటి చుక్కలే కావాలి, అవి లేని డైవర్‌తో మనసు నిండదు. రాజు గారు చెప్పినట్టు ముళ్లు వేరేగా ఉండి, భూతద్దం లేనివి రెండు కనిపించాయి, శాన్ మార్టిన్ వాళ్లవి, ధర కొంచెం ఎక్కువే. వచ్చే నెల దాకా ఆగి ఆలోచిస్తాను.

కోఠి అన్నా, ఈ ఆదివారం కోహినూర్ పట్టుకుని మీ దగ్గరికి వస్తా, రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది. నా మణికట్టు ఆరున్నర అంగుళాలు, 40 మిల్లీమీటర్ల డైవర్ పెద్దదవుతుందా?

కోఠి_కీ

అవ్వదు. కేసు అడ్డం కొలత కన్నా, చైను తగిలించే పైన కొమ్ము నుంచి కింద కొమ్ము దాకా ఎంతుందో చూడండి, 48 మిల్లీమీటర్లు దాటకపోతే ఆరున్నరకు చక్కగా కూర్చుంటుంది. ఆదివారం పదకొండు తర్వాత రండి, కోహినూర్‌కు ఈమధ్య కీ ఎక్కువ తిప్పకండి, లోపల నూనె గడ్డకట్టి ఉంటుంది.