క్వీన్స్‌టౌన్ – మిల్ఫర్డ్ సౌండ్: గూగుల్ నాలుగు గంటలంటోంది, నమ్మొచ్చా?

కొత్తపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మే మొదటి వారంలో న్యూజిలాండ్ సౌత్ ఐలాండ్ వెళ్తున్నాం. అమ్మ, నాన్న, అక్క, బావగారు, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను. ఎనిమిది సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకున్నాం. క్వీన్స్‌టౌన్‌లో మకాం పెట్టి ఒకరోజు మిల్ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, బోటులో చూడాలి) చూసి రావాలని ప్లాన్. గూగుల్‌లో 288 కిలోమీటర్లు, ఇంచుమించు నాలుగు గంటలు చూపిస్తోంది. ఉదయం ఏడుకు బయల్దేరి, పదకొండున్నర బోటు ఎక్కి, ఒకటిన్నరకు దిగి, ఆరింటికల్లా రూముకు వచ్చేస్తాం. ఏడింటికి నాన్నగారి ఫ్రెండ్ ఇంట్లో భోజనం. దూరం చూస్తే హైదరాబాద్ నుంచి విజయవాడ అంతే, పైగా అక్కడ ట్రాఫిక్ ఉండదంటున్నారు. బోటు టికెట్లు క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావు, అందుకే ముందే అడుగుతున్నా.

అమలాపురం అబ్బాయి:
సరిపోదు. కొత్త దేశంలో గూగుల్ చెప్పిన టైముకు ఒకటిన్నర రెట్లు వేసుకోండి. నాలుగంటే ఆరు. క్వీన్స్‌టౌన్ నుంచి కింగ్‌స్టన్ దాకా ఒకవైపు వాకటిపు సరస్సు, ఇంకోవైపు కొండ, మధ్యలో మెలికల రోడ్డు. తర్వాత మాస్‌బర్న్ మీదుగా టె అనౌ అనే ఊరి దాకా బండి బాగానే పరిగెడుతుంది. అసలు కథ టె అనౌ దాటాకే. అక్కణ్ణుంచి మిల్ఫర్డ్ 118 కిలోమీటర్లు. మెలికలు, వాన, మధ్యలో హోమర్ టన్నెల్. మేం జనవరిలో వెళ్లినప్పుడు టన్నెల్ ముందు ఎర్ర లైటు పడింది. ఒక్కోసారి ఒకవైపు బండ్లనే వదులుతారు, ఇరవై నిమిషాల దాకా ఆగాల్సి రావచ్చు.

కివీ రాజు:
నేను ఉండేది సౌత్ ఐలాండ్‌లోనే. ఈ ఒకటిన్నర రెట్లు ఎక్కడి లెక్కండీ? గూగుల్ టైము తప్పు కాదు. ఆగకుండా, లిమిట్‌కు తగ్గట్టు నడిపితే నాలుగు గంటలే. మీరు ఫొటోలకు ఆగితే అది డ్రైవింగ్ టైము కాదు, ఆగిన టైము. రెండూ కలిపేసి గూగుల్‌ను తిట్టడం ఇక్కడికొచ్చే ప్రతివాళ్లకీ అలవాటైపోయింది.

ఇంకోటి. మీరు ఇంట్లో రాత్రి పదకొండింటికి మ్యాప్ తెరిస్తే ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర. ఖాళీ రోడ్డు టైము చూపిస్తుంది. బయల్దేరే రోజు, గంట పెట్టి చూడండి.

బెజవాడ బాబాయ్:
హైదరాబాద్ నుంచి విజయవాడకు నాలుగు గంటల్లో ఎవరొస్తున్నారు నాయనా? సూర్యాపేటలో ఆగరా?

కివీ రాజు:
సూర్యాపేట టీ కూడా డ్రైవింగ్ టైము కాదు బాబాయ్ గారూ.

అమలాపురం అబ్బాయి:
పెద్దవాళ్లతో, పిల్లలతో టీకి ఆగకుండా విజయవాడ చేరినవాళ్లను ఒక్కరిని చూపించండి. ఆగడం ఖాయమైనప్పుడు దాన్ని లెక్కలోంచి ఎందుకు తీసేయాలి?

కివీ రాజు:
తీసేయమనలేదు, వేరే గడిలో రాయమన్నాను. డ్రైవింగ్ నాలుగు. టె అనౌలో డీజిల్, బాత్రూమ్ అరగంట. ఎగ్లింటన్ లోయ, మిర్రర్ లేక్స్ దగ్గర ఇంకో అరగంట. మిల్ఫర్డ్‌లో పార్కింగ్ డబ్బులు కట్టి బోటు దగ్గరికి నడిచేసరికి ఇంకో పావుగంట. బయల్దేరే టైముకు ఇరవై నిమిషాల ముందే చెకిన్ అంటారు. ఇలా రాసుకుంటే ఏది ఎంతో తెలుస్తుంది. ఒకటిన్నర రెట్లు అంటే ఏం తెలుస్తుంది?

బెజవాడ బాబాయ్:
అయినా నాలుగు గంటల్లో రారు.

అమలాపురం అబ్బాయి:
రోడ్డు తెలిసినవాళ్లకు అది నాలుగు గంటల డ్రైవింగ్ కావచ్చు. వంపు వంపుకీ పసుపు బోర్డు మీద 35, 45, 65 అని రాసి ఉంటుంది. రోడ్డు లిమిట్ మాత్రం చాలా చోట్ల 100. కొత్తవాడు వందలో ఎక్కడ వెళ్తాడు? ఒక్క బండే పట్టే వన్ లేన్ బ్రిడ్జి వస్తే మనం ఆగాలా, అవతలివాడు ఆగాలా అని ఆలోచించేలోపే వెనకవాడు హారన్ కొడతాడు.

కివీ రాజు:
బోర్డు మీద మీరు వెళ్లే దిక్కు చూపించే బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే మీరే ఆగాలి, అంతే. ఆ బోర్డులు కూడా చదవకుండా వ్యాన్ తీసుకుని రోడ్డెక్కుతారు! వందలో వెళ్లమని ఎవరూ అనలేదు. అరవైలో వెళ్తూ వెనక పదిహేను కార్లను ఈడ్చుకుంటూ, పక్కన ఆగే చోటు వచ్చినా ఆగకుండా పోయేవాళ్ల గురించే నా బాధ. వెనకవాళ్లకు దారివ్వాలని ఇక్కడ రూలుంది. చేతకాకపోతే నడపకూడదు.

అమలాపురం అబ్బాయి:
"చేతకాకపోతే" అనే మాట వెనక్కి తీసుకోండి. ఆ వానలో వ్యాన్ నడిపింది నేను, మీరు కాదు.

కివీ రాజు:
మిమ్మల్ని అనలేదు. మీరు మీద వేసుకుంటే నేనేం చేయను?

వరంగల్ వాణి:
కాస్త ఆగండి ఇద్దరూ. తమ్ముడూ, ఇంతకీ వ్యాన్ నడిపేది ఎవరు?

కొత్తపేట కుర్రాడు:
బావగారు అక్కా. నాకు లైసెన్స్ ఉంది కానీ హైవే అలవాటు లేదు. అక్కకు డ్రైవింగ్ రాదు. ఎక్సెల్ షీటు, బుకింగులు అన్నీ నేను చూసుకుంటున్నా.

వరంగల్ వాణి:
ఆయన్ని అడిగావా?

కొత్తపేట కుర్రాడు:
మొత్తం అయ్యాక చూపిద్దామని. ఆయన దేనికీ కాదనరు.

అమలాపురం అబ్బాయి:
ఇదిగో, ఇక్కడే ఉంది తిరకాసు! మా ట్రిప్పులో ఆ "కాదనరు" అనే మనిషిని నేనే. ప్లాన్ వేసింది మా తోడల్లుడు. ఆయన వెనక సీట్లో నిద్ర, నేను ముందు స్టీరింగు. మిర్రర్ లేక్స్ దగ్గర పావుగంటని దిగారు. పిల్లలు ఒకవైపు, అత్తయ్యగారు ఒకవైపు, మళ్లీ అందరూ ఎక్కేసరికి నలభై నిమిషాలు. తర్వాత టన్నెల్ ముందు ఎర్ర లైటు. చివరికి మేం రేవు చేరేసరికి బోటు తాడు విప్పేశారు, పది నిమిషాల తేడా. టికెట్లు పోయాయి. ఆగినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదు. "నెమ్మదిగా నడిపాడు" అని మాట నాకు! ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరైనా న్యూజిలాండ్ మాటెత్తితే అదే జోకు. అందుకే అంటున్నా, ఒకటిన్నర రెట్లు వేయండి. అది గూగుల్ కోసం కాదు, నడిపేవాడి కోసం.

కివీ రాజు:
ఈ ముక్క మొదటే చెబితే ఇంత గొడవ ఉండేది కాదు. అయినా మీ మందు పని చేయదు. ఎందుకో నా అనుభవంతో చెబుతా. సెలవులొస్తే మా ఇంటికి చుట్టాలొస్తారు, నడిపేది నేనే. మొదట్లో నేనూ మీలాగే టైములు పెంచి చెప్పేవాణ్ణి. నాలుగు గంటల దారికి ఆరు అన్నాను. ఏం చేశారు? "రాజుగారు ఎలాగూ రెండు గంటలు ఎక్కువే చెప్పారు కదా" అని ఇంకో జలపాతం, ఇంకో సరస్సు ఇరికించారు. మిగులు ఉందని తెలిస్తే ఖర్చు పెట్టకుండా ఉండరు మనవాళ్లు. అందుకే ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతాను, ఆగేవి పేరు పేరునా రాయిస్తాను. మిర్రర్ లేక్స్ ఎవరు అడిగారో వాళ్ల పేరు కూడా.

అమలాపురం అబ్బాయి:
మీ ఇంటికొచ్చిన చుట్టాలు మీ మాట వింటారు. అల్లుడి మాట ఎవరు వింటారు సార్? గడి గడికీ పేరు రాస్తే అత్తయ్యగారి పేరు నేను రాయగలనా? మిగులును దాచి పెట్టాలి. నాకు తెలిస్తే చాలు.

కివీ రాజు:
దాచిన మిగులు బోటు దగ్గర గంట ముందు చేరాక బయటపడుతుంది. రెండోసారి ఎవరూ నమ్మరు.

బెజవాడ బాబాయ్:
గంట ముందు చేరితే నష్టమేంటి? కూర్చుని కొండలు చూడొచ్చు కదా.

కివీ రాజు:
అక్కడ ఇసుక ఈగలు కుడతాయి బాబాయ్ గారూ.

వరంగల్ వాణి:
వెళ్లేటప్పటి లెక్కే తేలుస్తున్నారు, వచ్చేది ఎవరూ అడగట్లేదు. వెళ్లేది మేలో. అప్పుడు అక్కడ ఐదున్నర, ఐదుముప్పావుకల్లా పొద్దు గూకుతుంది, తెల్లారేది ఏడున్నర దాటాకే. అంటే ఏడుకు చీకట్లో బయల్దేరడం, మళ్లీ కింగ్‌స్టన్ సరస్సు ఒడ్డు మెలికలు చీకట్లో దిగడం. పొద్దున నీడ పడే వంపుల్లో రోడ్డు మీద మంచు పొర ఉండొచ్చు, కంటికి కనపడదు. మే నుంచి నవంబర్ దాకా మిల్ఫర్డ్ రోడ్డుకు హిమపాతాల సీజన్. బోర్డు పెడితే టైర్లకు గొలుసులు వెంట ఉండాలి, ఒక్కోసారి రోడ్డే మూసేస్తారు. ముందురోజు, ఆ రోజు పొద్దున రోడ్డు పరిస్థితి చూసుకోవాలి. టె అనౌ దాటాక దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. ఇద్దరి లెక్కల్లోనూ ఇవి లేవు.

ఒక్క మనిషి రోజులో ఎనిమిది గంటలు నడిపి, ఏడింటికి భోజనానికి వెళ్లి నవ్వుతూ కూర్చోవాలా? టె అనౌలో ఒక రాత్రి ఉండండి, లేదా క్వీన్స్‌టౌన్ నుంచి బస్సు ఎక్కండి. మేం బస్సులోనే వెళ్లాం. బోటు టికెట్టు అందులోనే కలిసి ఉంటుంది. దారిలో ఆగడం, టైముకు బోటు అందుకోవడం అన్నీ వాళ్ల తలనొప్పే.

కొత్తపేట కుర్రాడు:
క్వీన్స్‌టౌన్ రూములకు డబ్బులు కట్టేశాం అక్కా. టె అనౌలో రాత్రంటే ఒక రూము ఖాళీగా పెట్టి ఇంకోటి తీసుకోవాలి. ఏడుగురికి బస్సు టికెట్లంటే చాలా అవుతుంది. నాన్నగారు అసలే ఇంత ఖర్చు ఎందుకంటున్నారు.

అమలాపురం అబ్బాయి:
బావగారి నడుముకు రేటు లేదు కాబట్టి వ్యాన్ చవకగా కనపడుతోంది.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. సూర్యాపేట మీద వచ్చిన ఇంకో పన్నెండు వ్యాఖ్యలు వేరే చర్చలోకి మార్చాం.

కొత్తపేట కుర్రాడు:
ఈ చర్చ లింకు బావగారికి పంపాను. మొత్తం చదివి ఒక్కటే అడిగారు: "బస్సెంత?" భోజనానికి మర్నాడు వస్తామని నాన్నగారి చేత ఫోన్ చేయిస్తున్నా. వాణి అక్కా, బస్సుకు మొత్తం ఎంతసేపు పడుతుంది?

వరంగల్ వాణి:
హోటల్ నుంచి హోటల్‌కి పన్నెండు, పదమూడు గంటలు.

అమలాపురం అబ్బాయి:
గూగుల్ లెక్కన రానూపోనూ ఎనిమిది, బోటు రెండు. మిగతా రెండు మూడు గంటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి రాజుగారూ?

కివీ రాజు:
ఆగడానికి.