పిల్లి రక్కిన పిల్లల్లో కంటి నరం వాపు: మందు వెంటనే మొదలుపెట్టాలా, ఆగి చూడాలా?

పిల్లల డాక్టర్: పిల్లి రక్కిన చోట పొక్కు, ఆ వైపు బిళ్లలు (లింఫ్ గ్రంథుల వాపు) కట్టడం, జ్వరం. మామూలు వరస ఇదే. కొందరిలో దీన్ని తెచ్చే బ్యాక్టీరియా, బార్టొనెల్లా హెన్సెలే, కంటి దాకా పోతుంది. ఆప్టిక్ డిస్క్ (కంటి వెనక నరం మొదలయ్యే చోటు) ఉబ్బి, సాధారణంగా ఒక కంటి చూపు మసకబారుతుంది. కంటి నరం, రెటీనా వాచే ఈ న్యూరోరెటినైటిస్‌కి ఏం చేద్దాం? బిళ్లలకిచ్చే 5 రోజుల అజిత్రోమైసిన్ (మొదటి రోజు కిలోకి 10 మి.గ్రా., తర్వాత 4 రోజులు 5 చొప్పున) చాలదనే నా అభిప్రాయం.

రెటీనా డాక్టర్: నేను ఆగమంటాను. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది దానంతటదే తగ్గుతుంది. 1998 నాటి అజిత్రోమైసిన్ ట్రయల్ కొలిచింది బిళ్లల సైజునే, చూపుని కాదు. తేడా కనిపించిందీ మొదటి 30 రోజుల్లోనే. చూపు 6/9 (దాదాపు మామూలే) ఉన్న పిల్లకి నెలన్నర రిఫాంపిసిన్ (టీబీకి కూడా వాడే యాంటీబయాటిక్) దేనికి?

న్యూరో ఆఫ్తల్మాలజిస్ట్: 6/9 దగ్గర మీతో పేచీ లేదు సార్, 6/60 (బాగా తగ్గిన చూపు) దగ్గరే ఉంది. రెండో కన్ను బాగుంటే పిల్లలు చెప్పరు, అందుకే ఆలస్యంగా వస్తారు. అలాంటప్పుడు పెద్ద పిల్లలకి డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, రిఫాంపిసిన్‌తో కలిపి 4 నుంచి 6 వారాలు. 8 ఏళ్ల లోపు వాళ్లకి డాక్సీ 21 రోజుల వరకు ఇవ్వొచ్చని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ అంటోంది. మన కోర్సు అంతకంటే పొడుగు, ఆ వెసులుబాటు ఇక్కడ పనికిరాదు. చిన్నవాళ్లకి అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్ జతే నయం.

పిల్లల డాక్టర్: మేడమ్, మన దేశంలో రిఫాంపిసిన్ రాసేముందు టీబీ లేదని తేల్చుకోవాలి. మెడలో బిళ్లలంటే ఇక్కడ ముందు గుర్తొచ్చేది అదే. లోపల టీబీ ఉంటే, దాని మిగతా మందులు లేకుండా వారాల తరబడి రిఫాంపిసిన్ ఇవ్వడమంటే ఆ క్రిమికి మందు పనిచేయకుండా మనమే చేసినట్టు. ఎక్స్‌రే, మాంటూ (టీబీ చర్మ పరీక్ష), అవసరమైతే బిళ్ల నుంచి సూదితో తీసిన నమూనా టీబీ జన్యు పరీక్ష సీబీనాట్‌కి. ఇవన్నీ మొదటి రెండు మూడు రోజుల్లో అయిపోవాలి.

మైక్రోబయాలజిస్ట్: రక్త పరీక్ష గురించి ఒక మాట. ఐజీజీ యాంటీబాడీ (రక్తపు సీరాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా కనిపిస్తుందన్న కొలత) 1:256 కన్నా పైన ఉంటే ఇటీవలి ఇన్ఫెక్షన్‌కి గట్టి ఆధారం. 1:64 దగ్గరుంటే పాతదీ కావచ్చు, 2-3 వారాలకి మళ్లీ చేసి నాలుగింతలు పెరిగిందేమో చూడండి. మొదటి వారంలో నెగెటివ్ వచ్చిందని వ్యాధిని కొట్టిపారేయకండి.

రెటీనా డాక్టర్: మాక్యులా (రెటీనా మధ్యభాగం) చుట్టూ కనిపించే నక్షత్రం ఆకారం కూడా అంతే. డిస్క్ ఉబ్బిన ఒకటి రెండు వారాలకి గానీ ఏర్పడదు. మొదటి ఫండస్ (కంటి లోపలి వెనక భాగం) పరీక్షలో లేదని పంపేయకుండా 10 రోజుల్లో మళ్లీ పిలవాలి. బీపీ తప్పక చూడండి, పిల్లల్లోనైనా సరే. బీపీ బాగా పెరిగినా ఇదే నక్షత్రం కనిపిస్తుంది, అప్పుడు తరచు రెండు కళ్లలోనూ. చూపు 6/60 అయితే మందుకి ఒప్పుకుంటాను. స్టెరాయిడ్లకి మాత్రం ఇంకా ఒప్పుకోను.

న్యూరో ఆఫ్తల్మాలజిస్ట్: యాంటీబయాటిక్ లేకుండా వట్టి స్టెరాయిడ్ నేనూ ఇవ్వను. కానీ చూపు వేగంగా పడిపోతుంటే, యాంటీబయాటిక్ మొదలయ్యాక కలపడమే సరైనదంటాను. ఒక చిక్కు: రిఫాంపిసిన్ వల్ల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ లివర్‌లో త్వరగా విరిగిపోతుంది. అదే డోసుకి పని తగ్గుతుంది. పని చేయలేదని స్టెరాయిడ్‌ని నిందించే ముందు అది లెక్కలోకి తీసుకోవాలి.

పిల్లల డాక్టర్: ఇంకో రకం కూడా గుర్తుంచుకోండి. ఒక కన్ను ఎర్రబడి, అదే వైపు చెవి ముందు బిళ్ల కడితే పారినో ఆక్యులోగ్లాండ్యులర్ సిండ్రోమ్. దీన్లో చూపు పెద్దగా దెబ్బతినదు. బిళ్ల చీము పట్టినా కోయకండి, కోస్తే మానకుండా కారుతూనే ఉండొచ్చు. సూదితో లాగితే చాలు.