సమస్యాపూరణం: చావు లేని వాఁడు చావు కోరె

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం; పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

చావు లేని వాఁడు చావు కోరె

ఐదూ సూర్య గణాలే. చా–చా యతి పాదంలోనే కుదిరి ఉంది. ప్రాస నియమం లేదు కాబట్టి కొత్తవాళ్ళు కూడా భయపడకుండా రాయవచ్చు. ఒక్క షరతు: కథ గ్రీకు పురాణాలది కావాలి, అందులోనూ దేవతలకూ మనుషులకూ మధ్య పుట్టి కన్నీళ్ళతో ముగిసిన ప్రేమ కావాలి. గ్రీకు కవులు దేవతల్ని 'అథానతోయి' అంటారు, అంటే చావులేనివాళ్ళు. మనుషులేమో 'థ్నేతోయి', చచ్చేవాళ్ళు. రెండు జాతులకూ పేర్లే చావును బట్టి వచ్చాయి. ఈ పాదం ఇవ్వాలని అనిపించింది అందుకే.

వేకువ:
గురువుగారికి నమస్కారం. నా ప్రయత్నం.

వలచి తెచ్చుకొనిన వానికై యుష యంత
నమరతనము నడిగె నంతె గాని
పడుచుదనము మఱచె, బక్కచిక్కి ముదిసి
చావు లేని వాఁడు చావు కోరె.

ఇది తిథోనస్ కథ. ట్రాయ్ రాజు లావొమెడాన్ కొడుకు, ప్రియామ్‌కు సోదరుడు. ఉషోదేవత ఈయోస్ అతన్ని ఎత్తుకుపోయి, చావు లేకుండా చేయమని దేవతల రాజు జ్యూస్‌ను అడిగింది. యవ్వనం కూడా కావాలని అడగడం మర్చిపోయింది. మా నాయనమ్మ తొంభై దాటాక మంచం మీద నుంచే "యముడు నా చీటీ ఎక్కడో పారేసుకున్నాడే" అనేది. ఈ కథ చదువుతుంటే నాకు ఆ గొంతే వినిపించింది.

పాతకాపు:
పద్యం బాగుందమ్మా. కానీ 'ఉష' అనగానే తెలుగువాడికి బాణాసురుడి కూతురు, అనిరుద్ధుడు గుర్తొస్తారు. ఈయోస్ అనే ఉంచకూడదా?

వేకువ:
ఆలోచించాను బాబాయిగారూ. ఈయోస్, ఋగ్వేదంలోని ఉషస్సు ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లు. పరాయి పేరు తెచ్చి అతికించినట్టు ఉండదని ఉష అన్నాను.

నిర్వాహకుడు:
ఉష ఉండనివ్వండి, ఇబ్బంది లేదు. "నంతె గాని" దగ్గర నేను ఆగిపోయాను. ఆమె చేసిన పొరపాటంతా ఆ రెండు మాటల్లో ఉంది. చిక్కు మూడో పాదంలో వచ్చింది. ముసలితనం ముందు, చిక్కిపోవడం తర్వాత. యతికి 'బ' కావాలని వరస తిప్పారు. "వయసు మీఱ వడలి" అనండి. ప–వ యతి చెల్లుతుంది, నగణం మీద గురువు, ఆపైన నాలుగు లఘువులు, గణాలూ సరిపోతాయి.

ఇంకొకటి. ప్రేమదేవత ఆఫ్రొడైటీ మీద ఉన్న హోమరిక్ స్తోత్రంలో తిథోనస్ చావు కోరినట్టు లేదు. జుట్టు నెరిసేదాకా ఆమె అతనితో కలిసి ఉంది. నెరిశాక పడక మానేసింది కానీ తిండి, అమృతం, మంచి బట్టలు ఇస్తూనే వచ్చింది. కాళ్ళూ చేతులూ కదపలేని స్థితి వచ్చినప్పుడు గదిలో పెట్టి, మెరిసే తలుపులు మూసింది. లోపల గొంతు మాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడుతోందో కవి చెప్పడు. ఆ గొంతుకి మీరు ఒక మాట ఇచ్చారు, అది మీ కల్పన. సమస్య అడిగింది కాబట్టి తప్పు కాదు.

వేకువ:
సవరణ తీసుకున్నానండీ. గ్రీకు కవయిత్రి సాఫో కూడా తిథోనస్‌ను తలచుకుంది కదా. కొలోన్‌లోని పపైరస్ ముక్కల నుంచి 2004లో బయటికొచ్చిన పద్యంలో, జింకపిల్లల్లా గెంతిన మోకాళ్ళు ఇప్పుడు తనను మోయడం లేదంటుంది. ఆ మోకాళ్ళ మాట చదివాకే నేను ఈ కథ ఎంచుకున్నాను.

మెఱుపుతీగ:
నేను పాదాన్ని విరిచాను, చూడండి.

నిజము చూపు మనుచు నిలదీసి సెమెలె తా
మెఱుపు నడిగె, వచ్చె మెఱుపు గాఁగ
నొట్టు తప్ప లేక యుసురని యా రేఁడు
చావు లేని వాఁడు, చావు కోరె.

వచ్చినవాడు జ్యూస్, చావులేనివాడు. చావు కోరింది అతని ప్రియురాలు, మనిషి అయిన సెమెలె.

పాతకాపు:
విరుపు భలే ఉంది! అయితే చివరి "చావు కోరె"కు కర్త కోసం మొదటి పాదం దాకా వెనక్కి వెళ్ళాలి. పైగా ఆ 'తా' గణం నింపడానికి వచ్చినట్టుంది.

నిర్వాహకుడు:
"సెమెలెయే" అంటే అదే నగణ గురువు, ఆ 'ఏ' వల్ల చివర్లో కర్త ఎవరో కూడా గుర్తుంటుంది. "యుసురని" మాత్రం కదపొద్దు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన కథలో ఆ నిట్టూర్పు ఉంది. జ్యూస్ భార్య హీరా ముసలి దాది వేషంలో వచ్చి అనుమానం నాటింది. నిజరూపం చూపమని అడగడానికి సెమెలె నోరు తెరిచేసరికి జ్యూస్ ఆ నోరు మూయబోయాడు, మాట అప్పటికే బయటపడింది. ఏది అడిగినా ఇస్తానని పాతాళంలోని స్టిక్స్ నది మీద ఒట్టు, వెనక్కి తీసుకోలేడు. మూలిగి, ఉన్నవాటిలో తేలికైన పిడుగే పట్టుకుని వెళ్ళాడు. అదీ ఆమె శరీరం తట్టుకోలేకపోయింది.

పాతకాపు:
నేను సగం మనిషి, సగం గుర్రం అయిన కైరాన్ మీద రాద్దామనుకున్నాను. హెరాక్లీస్ విషబాణం తగిలి, చావు రాక, బాధ తట్టుకోలేక అమరత్వమే వదులుకున్నాడు. పాదానికి అతికినట్టు సరిపోతుంది.

నిర్వాహకుడు:
సరిపోతుంది కానీ అందులో ప్రేమ లేదు కదండీ. ఇంకోసారికి దాచండి.

కొత్తచేరిక:
అందరికీ నమస్కారం. ఇది నా రెండో పద్యం, కాస్త టెన్షన్‌గానే పెడుతున్నాను.

తాను విసరు చక్ర తాకిడిఁ జెలికాఁడు
నేల కొరగ, నుదుట నెత్తు రుబుక,
వెలుఁగు దేవుఁడు వాని విడువక యొడిఁ జేర్చి
చావు లేని వాఁడు చావు కోరె.

దేవుడు అపోలో, అతని చెలికాడు హయసింథస్.

నిర్వాహకుడు:
టెన్షన్ ఎందుకు నాయనా, ఈ వారం నేను ఎదురుచూసింది ఈ పూరణ కోసమే. ముందు తప్పులు చూద్దాం. మూడో పాదంలో రెండో గణం సూర్య గణం కావాలి, "దేవుఁడు" భగణం అయింది. "వేల్పు" అంటే చాలు. మొదటి పాదంలో "చక్ర తాకిడి" వైరి సమాసం. 'చక్ర' సంస్కృతం, 'తాకిడి' తెలుగు, 'ము' లేకుండా అంటగట్టకూడదు. "తాను రువ్వు బిళ్ళ తాకిడి" అనండి.

మెఱుపుతీగ:
బిళ్ళ అంటే మరీ చిన్నది కాదా గురువుగారూ? అక్కడ విసిరింది బరువైన డిస్కస్.

కొత్తచేరిక:
నాకు బిళ్ళే నచ్చిందండీ. వాళ్ళిద్దరూ బట్టలు విప్పి, నూనె రాసుకుని ఆటకు దిగారు. యుద్ధం కాదు, ఆటే. ఆటవస్తువు నేలకు కొట్టుకుని ఎగిరి, అందుకోవడానికి పరిగెత్తిన కుర్రాడి ముఖానికి తగిలింది. అసూయతో పడమటి గాలి దాన్ని పక్కకు తోసిందని ఇంకో కథ ఉంది, అది కావాలనే వదిలేశాను. నేరం గాలి మీదికి పోతే "తాను" అనే మొదటి మాటకు బరువు ఉండదు.

నిర్వాహకుడు:
నా మనసులో ఉన్నదే చెప్పావు. మిగతా రెండు పూరణల్లో పాదాన్ని ఒప్పించడానికి కవి ఏదో ఒకటి చేయాల్సి వచ్చింది. ఒకరు కథలో లేని కోరిక పెట్టారు, ఒకరు పాదాన్ని విరిచారు. ఇక్కడ ఏమీ చేయక్కర్లేదు. ఓవిడ్ 'మెటమార్ఫొసీస్' కావ్యం పదో పుస్తకంలో అపోలో తన నోటితోనే అంటాడు: నీ బదులో, నీతోనో చచ్చిపోయే వీలుంటే బాగుండును, విధి ఒప్పుకోదే అని. వైద్యానికి దేవుడు అతనే. గాయం తుడిచి, ఆకుమందులు పెట్టి చూశాడు. తోటలో కాడ విరిగిన పువ్వులా ఆ మెడ వాలిపోతూనే ఉంది.

కొత్తచేరిక:
సవరించాను గురువుగారూ.

తాను రువ్వు బిళ్ళ తాకిడిఁ జెలికాఁడు
నేల కొరగ, నుదుట నెత్తు రుబుక,
వెలుఁగు వేల్పు వాని విడువక యొడిఁ జేర్చి
చావు లేని వాఁడు చావు కోరె.

వేకువ:
తమ్ముడూ, "విడువక" దగ్గర నాకు కళ్ళు చెమర్చాయి. ఆ నెత్తుటిలోంచి లేచిన పువ్వు రేకుల మీద అపోలో "ఐ ఐ" అని తన ఏడుపు రాశాడంటారు కదా. మన "అయ్యో" లాంటి మాటే. దానికి నీ పద్యంలో చోటు లేకపోయింది.

నిర్వాహకుడు:
నాలుగు పాదాల్లో ఎన్నని పడతాయమ్మా. దాన్నే వచ్చే వారానికి ఇస్తున్నాను. ఆటవెలదే, చివరి పాదమే:

పూవు రేకు మీఁద పుట్టె నేడ్పు