టేస్టింగ్ మెనూలో ‘కోర్సు’ని తెలుగులో ఏమనాలి?

అనువాదం చేస్తూ ఒకచోట ఆగిపోయాను. పెద్ద రెస్టారెంటు. ఏం తినాలో ఎంచుకునే పని మనకుండదు. షెఫ్ అనుకున్న వరసలో రెండు మూడు ముద్దలకు మించనివి ఒక్కొక్కటే వస్తుంటాయి. మూలంలో ‘పన్నెండు కోర్సుల టేస్టింగ్ మెనూ’ అని ఉంది. ‘పన్నెండు వంటకాల రుచి విందు’ అని రాశాను గానీ నాకే నచ్చలేదు. మీరైతే ఏం రాస్తారు?

— రుచి విందంటే, రుచి లేని విందులు వేరే ఉన్నాయా అని అడుగుతారు. ‘మచ్చు విందు’ అనండి.

— మచ్చు కుదరదండీ. మచ్చు చూసేది కొనేముందు. అసలు సరుకు వెనకాల ఉందన్న ఆశ ఆ మాటలోనే ఉంది. ఇక్కడ ఆ రెండు ముద్దలే అసలు సరుకు. నిజానికి దీనికి తగ్గ మాట ‘చవి’. దాన్నేమో పత్రికలు ఓటమికీ నష్టానికీ రాసిచ్చేశాయి. ‘పన్నెండు వంటకాలు చవిచూశాం’ అంటే పన్నెండు ఆటలూ ఓడినట్టుంటుంది.

— నా పేచీ ‘వంటకాలు’ దగ్గర. కోర్సంటే వంటకం కాదు, వడ్డనలో ఒక దఫా. ఒకే కోర్సులో మూడు చిన్న గిన్నెలు రావచ్చు. పాత ఫ్రెంచి పద్ధతిలోనైతే ఒక్కో దఫాకి బల్లనిండా బోలెడు వంటకాలు ఒకేసారి పరిచేవారు. ఒకటి తిన్నాక ఇంకొకటి తెచ్చే రష్యన్ పద్ధతి ఫ్రాన్సులో పాతుకున్నది 19వ శతాబ్దంలో. రెంటికీ సరిపోయే మాట ‘విడత’. ‘వాయి’ అనకండి, అది పొయ్యి దగ్గరి లెక్క.

— విడతంటే బాకీ తీరుస్తున్నట్టు లేదూ?

— బిల్లు చూశాక అలాగే ఉంటుంది లెండి. మరి అమ్యూజ్ బూష్ సంగతి? మొదట్లో, అడక్కుండానే, షెఫ్ పంపే ఒక్క ముద్ద. దాన్ని కొసరు అనొచ్చా?

— కొసరు కొలిచాక వేసేది. ఇది కొలవకముందే వస్తోంది. పైగా కొసరు మనం అడిగి వేయించుకుంటాం, ఇది అడిగితే వచ్చేది కాదు. ఆ పేరు అలాగే ఉంచండి, పాఠకులు తట్టుకుంటారు.

— అందరికీ ధన్యవాదాలు. మొదటిసారి ‘టేస్టింగ్ మెనూ’ అని ఉంచి, తర్వాతంతా ‘పన్నెండు విడతల విందు’ అని మార్చాను. అమ్యూజ్ బూష్‌ని కదపలేదు.