పటం కథ చెప్పేవాళ్లు ఇప్పుడు ఏ ఊళ్లలో ఉన్నారు?

అన్నలూ, అక్కలూ, ఒక సాయం కావాలి. వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ వైపు ఇంకా పని చేస్తున్న కళాకారుల ఊళ్లను ఒక మ్యాప్‌లో పెడుతున్నాను. ఒగ్గు కథ, చిందు యక్షగానం వాళ్లు అడగ్గానే దొరికారు, పెంబర్తి ఇత్తడి పని గురించి ఇబ్బందే లేదు. ఆగిపోయింది పటం కథ దగ్గర. పొడవాటి బట్ట మీద గీసిన బొమ్మలను ఒక్కో వరుస చూపిస్తూ కులపురాణం చెప్తారు కదా, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్లు, ముదిరాజులకు చెప్పే కాకిపడగల వాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లు, వీళ్లలో ఒక్కరూ దొరకలేదు.

మూడు నెలలుగా తిరుగుతున్నాను. చేర్యాలకు రెండుసార్లు పోయాను. పటం గీసేవాళ్లు చాలా ఓపికగా మాట్లాడారు, కానీ ఇప్పుడు తమకు వచ్చే ఆర్డర్లు ఎక్కువగా గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు, మాస్కులేనని, కథ చెప్పేవాళ్లు వచ్చి పటం గీయించుకుని ఏళ్లు దాటిందని చెప్పారు. వరంగల్ కొత్తవాడలో మగ్గాల దగ్గర పెద్దవాళ్లను అడిగితే "మా చిన్నప్పుడు వచ్చేటోళ్లు" అన్నారు, ఏ ఊరి నుంచో ఎవరికీ గుర్తులేదు. ఒక ఆఫీసులో ఇచ్చిన జాబితాలో 11 నంబర్లుంటే 9 పనిచేయడం లేదు, మిగతా ఇద్దరూ డప్పు కళాకారులు. యూట్యూబ్‌లో వీడియోలున్నాయి గానీ ఊరి పేరు ఉండదు. పటం బొమ్మేమో షోరూముల్లో కనిపిస్తోంది, కథే వినబడటం లేదు, నాకు అదే బాధ.

ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, ఊరు, మండలం రాస్తే చాలు, నేనే పోయి కలుస్తాను. 2023 తర్వాత మీ ఊళ్లో ఎవరైనా పటం కథ చెప్పించి ఉంటే, ఆ చెప్పినవాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు?