ఏఐతో ఎక్సెల్‌లో లా ఫర్మ్ డాష్‌బోర్డ్ చేశా, కానీ యుటిలైజేషన్ మా పార్ట్‌నర్ గారి లెక్కతో కలవట్లేదు. తేడా ఎక్కడ?

టైమ్‌షీట్_బాధితురాలు

అందరికీ నమస్తే అండి. నేనో చిన్న లా ఫర్మ్‌లో ఆఫీస్ మేనేజర్‌ని, లాయర్‌ని కాదు, ఎక్సెల్ కూడా పని గడిచేంతవరకే వచ్చు. మా మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి నెల మొదట్లో ఒక్క పేజీలో అన్నీ కనబడాలట, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, అందులో బిల్లబుల్ (క్లయింట్‌కి బిల్లు వేయగలిగినవి) ఎన్ని, బిల్లు ఎంత వేశాం, డబ్బెంత వచ్చింది, ఎంత ఆగిపోయింది. దానికోసం సాఫ్ట్‌వేర్ ఉంటుంది సార్ అంటే ఎక్సెల్ ఉందిగా, ఏఐ ఉందిగా, నువ్వే చెయ్యమ్మా అన్నారు.

సరే అని బిల్లింగ్ సిస్టమ్ నుంచి టైమ్ ఎంట్రీలు, ఇన్వాయిస్‌లు, పేమెంట్లు మూడూ ఎక్స్‌పోర్ట్ చేసి, చాట్‌బాట్‌కి కాలమ్ పేర్లు ఇచ్చి "లా ఫర్మ్ పెర్ఫార్మెన్స్ డాష్‌బోర్డ్ చేసివ్వు" అన్నా. ఇచ్చింది, చూడ్డానికి భలే ఉంది, గేజ్ చార్టులు, పైకీ కిందికీ బాణాలు, అన్నీ ఉన్నాయి. కానీ ఫర్మ్ యుటిలైజేషన్, అంటే అవైలబుల్ గంటల్లో బిల్లబుల్ ఎంత శాతమో అది, 78 అంటోంది, మా సార్ కాగితం మీద వేస్తే 73 వచ్చింది. "ఇదే తప్పైతే మిగతావి ఎలా నమ్మాలి" అని పక్కన పెట్టేశారు. చాట్‌బాట్‌కి తేడా ఉందని చెప్తే సారీ చెప్పి ఇంకో ఫార్ములా ఇచ్చింది, దాంట్లోనూ 78యే.

మాకున్నది ముగ్గురు లాయర్లు, అందులో ఒకరు పార్ట్‌టైమ్. నెలకి అవైలబుల్ గంటలు 150, 150, 40. బిల్లబుల్ 120, 90, 38. ఎవరికి వారిది విడిగా చూస్తే 80, 60, 95 శాతం, అవి కరెక్టే.

ఇంకోటి, మార్చి కలెక్షన్ రేట్ 130 శాతం చూపిస్తోంది. వేసిన బిల్లు కంటే ఎక్కువ డబ్బు ఎలా వస్తుందండీ??

పివట్_పిచ్చి

మీ సార్ లెక్కే కరెక్ట్. చాట్‌బాట్ ఆ మూడు శాతాలకి యావరేజ్ తీసింది, 80, 60, 95 కలిపి మూడుతో భాగిస్తే 78.3. మీరు ఎన్నిసార్లు అడిగినా అదే వస్తుంది ఎందుకంటే అది ఫార్ములా మార్చింది గానీ ఆలోచన మార్చలేదు. అసలు చెయ్యాల్సింది బిల్లబుల్ గంటలన్నీ కలిపి అవైలబుల్ గంటల మొత్తంతో భాగించడం, అంటే 248 ని 340 తో, 72.9 వస్తుంది. 40 గంటల మనిషికీ 150 గంటల మనిషికీ ఒకే ఓటు ఇస్తే పార్ట్‌టైమ్ ఆవిడ 95 మొత్తాన్ని పైకి లాగేస్తుంది, అంతే కథ. రియలైజేషన్ (చేసిన పని విలువలో బిల్లు వేసింది), కలెక్షన్ (బిల్లులో వసూలైంది) దగ్గర కూడా ఇదే తప్పు ఉండి ఉంటుంది, చూస్కోండి. షీట్‌లో ఎక్కడ శాతాల మీద ఏవరేజ్ ఫంక్షన్ కనబడినా అనుమానించండి.

ఇప్పుడు ఇది సరిచేయమని చాట్‌బాట్‌కి చెప్తే అది ఇంకో గోతిలో పడేసే ఛాన్స్ ఉంది, ముందే చెప్తున్నా. అవైలబుల్ గంటల్ని ఎక్స్‌లుకప్ (ఇంకో టేబుల్‌లో వెతికి తెచ్చే ఫంక్షన్) తో టైమ్ ఎంట్రీల షీట్‌లోకి తెచ్చి ప్రతి రో పక్కనా 150 అని పెడుతుంది. ఒక లాయర్‌కి నెలలో 200 ఎంట్రీలు ఉంటే 150 రెండొందల సార్లు కూడుతుంది, యుటిలైజేషన్ అర శాతం కూడా రాదు. కాబట్టి కెపాసిటీకి విడిగా ఒక చిన్న టేబుల్ పెట్టండి, లాయర్, నెల, అవైలబుల్ గంటలు, మూడే కాలమ్‌లు. లీవులు కూడా అందులోనే తగ్గించండి. డాష్‌బోర్డ్‌లో భాగహారంలో పైనుండే బిల్లబుల్‌కి ఒక సమ్‌ఇఫ్స్ (షరతులకి సరిపోయిన రోలనే కూడే ఫంక్షన్), కిందుండే అవైలబుల్‌కి ఇంకో సమ్‌ఇఫ్స్, రెండూ వేర్వేరు టేబుల్స్ నుంచి రావాలి.

ఇంకా కంట్రోల్ కీతో టిల్డా (~) కీ నొక్కి చూడండి, సెల్స్‌లో ఫార్ములాలు కనబడతాయి. ఫైల్ మొత్తం చాట్‌బాటే తయారుచేసి ఇచ్చిందంటే కొన్ని చోట్ల ఫార్ములా ఉండదు, అది లెక్కేసి అంకె అతికించి ఉంటుంది. వచ్చే నెల కొత్త డేటా పెడితే ఆ సెల్ కదలదు, ఎవరికీ తెలీదు కూడా.

ఊరికే_చూస్తున్నా

ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ వస్తే దాని బదులు మనం చెప్పింది చూపించే ఫంక్షన్) ఎన్ని చోట్ల ఉందో కూడా చూడండి అక్కా. ఈ చాట్‌బాట్‌లకి ప్రతిదాన్నీ ఇఫ్‌ఎర్రర్‌లో చుట్టి సున్నా ఇవ్వడం మహా సరదా. నెలంతా లీవులో ఉన్న లాయర్‌కి కెపాసిటీ సున్నా, భాగిస్తే ఎర్రర్, దాన్ని సున్నా శాతం చేస్తుంది, చూసేవాళ్ళు పనే చెయ్యలేదు అనుకుంటారు. సున్నా బదులు డబుల్ కొటేషన్లు ఖాళీగా పెట్టండి చాలు.

నల్లకోటు

లాయర్‌గా కొన్ని మాటలు, ఎక్సెల్ వాళ్ళు నొచ్చుకోకండి.

మొదటిది, మీరు చాట్‌బాట్‌కి ఏం పెట్టారు? కాలమ్ పేర్లు మాత్రమేనా, ఎక్స్‌పోర్ట్ మొత్తం అప్‌లోడ్ చేశారా? టైమ్ ఎంట్రీలో వర్ణన కాలమ్ ఉంటుంది చూశారా, "ఫలానా క్లయింట్‌తో సెటిల్‌మెంట్ గురించి మాట్లాడాం" అని, అది అచ్చంగా క్లయింట్ రహస్యం. అమెరికా లాయర్ల సంఘం, అమెరికన్ బార్ అసోసియేషన్, 2024 జులైలో ఫార్మల్ ఒపీనియన్ 512 ఇచ్చింది, మనం పెట్టిన సమాచారంతో నేర్చుకునే టూల్‌లో క్లయింట్ వివరాలు పెట్టాలంటే ముందు క్లయింట్‌కి విషయం చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో (కేసు ఒప్పుకునేటప్పుడు క్లయింట్‌తో రాసుకునే లెటర్) మామూలుగా ఒక లైన్ రాసేస్తే సరిపోదు అని. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ జాగ్రత్త వర్తిస్తుంది, మీ బార్ రూల్స్ కూడా చూస్కోండి. అయినా ఫార్ములా రాయడానికి దానికి అసలు డేటా అక్కర్లేదు. కాలమ్ పేర్లు, ఉత్తుత్తి రోలు ఒక ఐదారు, మీ ఎక్సెల్ వెర్షన్, ఇవి చాలు. వెర్షన్ ఎందుకంటే ఎక్స్‌లుకప్ లాంటివి 2019 ఎక్సెల్‌లో లేవు, చెప్పకపోతే అవే ఇస్తుంది.

రెండోది, ఏది దేనితో భాగించాలో ముందు మీ పార్ట్‌నర్ గారితో కూర్చుని తేల్చుకోండి, చాట్‌బాట్‌తో కాదు. యుటిలైజేషన్ అంటే అవైలబుల్‌లో బిల్లబుల్ ఎంత. రియలైజేషన్ అంటే చేసిన పనికి మామూలు రేటు కట్టి, అందులో బిల్లు ఎంతకి వేశామని, డిస్కౌంట్లు, కొట్టేసిన గంటలు అన్నీ ఇక్కడ తేలతాయి. కలెక్షన్ అంటే వేసిన బిల్లులో చేతికి వచ్చింది. ఈ మూడూ గొలుసు. 100 విలువైన పనికి 88 బిల్లు వేసి 79 వసూలైతే రియలైజేషన్ 88, కలెక్షన్ దాదాపు 90, విడివిడిగా చూస్తే రెండూ బాగానే ఉన్నాయి అనిపిస్తుంది, కానీ చేసిన పనిలో అయిదో వంతు పోయింది. మీ 73 శాతం యుటిలైజేషన్‌ని ఈ ఉదాహరణలోని 79 శాతంతో గుణించి చూస్తే ప్రతి వంద అవైలబుల్ గంటల్లో డబ్బయ్యేవి 58 దాకా. నన్నడిగితే మీ సార్ ముందు పెట్టాల్సింది ఆ ఒక్క అంకె, గేజ్ చార్టులు తీసి అవతల పారేయండి.

మూడోది, క్లయింట్ ముందుగా ఇచ్చి ట్రస్ట్ అకౌంట్‌లో (క్లయింట్ల డబ్బు విడిగా ఉంచే అకౌంట్) ఉన్న అడ్వాన్స్ మీ ఆదాయం కాదు. పని చేసి బిల్లు వేసి అక్కడి నుంచి తీసుకున్నాకే మీది. పేమెంట్ల ఎక్స్‌పోర్ట్‌లో అవి రెండూ కలిసి వస్తుంటే మీ 130 శాతంలో కొంత అదే అయ్యుండొచ్చు. కోర్టు ఫీజుల్లాంటివి మనం కట్టి వెనక్కి తీసుకునే డబ్బు కూడా ఫీజు కలెక్షన్‌లో కలపకూడదు.

లాయర్ల పేర్లు పెట్టి యుటిలైజేషన్ పెద్దది నుంచి చిన్నది ర్యాంకులు వేసి అందరికీ మెయిల్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. 0.3 గంట పని 0.5 అయిపోతుంది టైమ్‌షీట్‌లో, తర్వాత రియలైజేషన్ పడిపోయింది ఎందుకని మళ్ళీ మీటింగ్.

పివట్_పిచ్చి

నల్లకోటు గారూ, గేజ్ చార్టుల విషయంలో చేతులు కలుపుతున్నా. ర్యాంకుల దగ్గర మాత్రం ఒప్పుకోను, ఎవరి మీద ఎక్కువ భారం పడుతోందో పేర్లు లేకుండా ఎలా తెలుస్తుంది? పేర్లతో పార్ట్‌నర్‌కి ఒక షీట్, పేర్లు లేకుండా అందరికీ ఒకటి చేస్తే అయిపోతుంది.

టైమ్‌షీట్_బాధితురాలు

72.9 వచ్చేసింది!! సార్‌కి చూపించా, ఊఁ అన్నారు, ఆయన దగ్గర అది మెచ్చుకోలే. అప్‌లోడ్ చెయ్యలేదండి నల్లకోటు గారూ, కాలమ్ పేర్లే ఇచ్చా. ట్రస్ట్ అడ్వాన్సులు నిజంగానే కలిసి ఉన్నాయి, ఫిల్టర్ చేశా, 130 కాస్తా 118 అయింది. ఇంకా వంద దాటే ఉంది. ఇంకోటి, కొన్ని టైమ్ ఎంట్రీలు ఏ నెలలోకీ రావట్లేదు, అన్ని నెలలూ కూడితే మొత్తం కంటే తక్కువ వస్తోంది.

డేటాదాసు

రెండోదాని సంగతి ముందు. డేట్ కాలమ్‌ని వెడల్పు చేసి చూడండి, కొన్ని ఎడమకి, కొన్ని కుడికి అతుక్కుని ఉన్నాయా? ఎడమవి డేట్లు కాదు, టెక్స్ట్. మీ ఎక్స్‌పోర్ట్ రోజు ముందు ఇస్తుంటే, మీ కంప్యూటర్ నెల ముందు అనుకుంటుంటే 13 నుంచి 31 దాకా ఉన్న రోజులు నెల కాలేవు కాబట్టి టెక్స్ట్‌గా మిగిలిపోతాయి, అవి ఏ నెలలోకీ రావు. వాటికంటే ప్రమాదం కుడివైపు బుద్ధిగా కూర్చున్నవి, మార్చి 4 వెళ్ళి ఏప్రిల్ 3 అయిపోతుంది, ఎర్రర్ రాదు, ఏమీ రాదు. సెల్‌లో దిద్దుకుంటూ కూర్చోకండి, ఫైల్‌ని పవర్ క్వెరీలో (ఎక్సెల్‌లోనే డేటా తెచ్చి శుభ్రం చేసే భాగం) తెరిచి కాలమ్ టైప్ మార్చేటప్పుడు లొకేల్, అంటే ఏ దేశం పద్ధతిలో డేట్ చదవాలో, ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది, అక్కడ సెట్ చేస్తే ప్రతి నెలా అదే చేసుకుంటుంది.

అది చేశాక కూడా నెలాఖరు ఎంట్రీలు పోతుంటే ఫార్ములాలో "నెల చివరి తేదీ లేదా అంతకంటే తక్కువ" అని ఉందేమో చూడండి, చాట్‌బాట్ ఎక్కువగా అలాగే రాస్తుంది. డేట్‌లో టైమ్ కూడా ఉంటే 31వ తారీకు సాయంత్రం నాలుగు అనేది ఎక్సెల్‌కి 31 కంటే పెద్ద అంకె, బయటికి పోతుంది. "వచ్చే నెల ఒకటో తారీకు కంటే తక్కువ" అని మార్చమనండి.

గంటల కాలమ్ కూడా ఒకసారి. 1:30 అని టైమ్ రూపంలో ఉంటే ఎక్సెల్ లోపల అది 0.0625, రోజులో అంత భాగం అన్నమాట, 24 తో గుణిస్తేనే 1.5 అవుతుంది. ఎవరైనా గంటన్నరని 1.30 అని కొడుతుంటే దాన్ని ఏ ఫార్ములా పట్టుకోలేదు, ఆరు నిమిషాలకి 0.1 అని వాళ్ళకే చెప్పాలి.

ఇక 118. తప్పు లేదండి అందులో, ప్రశ్నే సరిగ్గా లేదు. మార్చిలో వచ్చిన డబ్బు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి బిల్లులది, దాన్ని మార్చి బిల్లులతో భాగిస్తున్నారు. మార్చిలో బిల్లులు తక్కువ వేస్తే రేటు పెరుగుతుంది, అంటే పని తగ్గితే డాష్‌బోర్డ్ పచ్చగా కనబడుతుంది, అంతకంటే దారుణం ఉండదు. డబ్బు ఏ నెలలో వచ్చిందని కాకుండా ఏ నెల బిల్లుకి వచ్చిందో చూడండి. జనవరిలో 200 బిల్లు వేశారనుకుందాం, 30 రోజుల్లో 20, 60 కల్లా ఇంకో 90, 90 కల్లా ఇంకో 60 వస్తే జనవరి బిల్లులు 10, 55, 85 శాతం. ప్రతి నెలకీ ఇలా ఒక అడ్డ వరుస. ఫిబ్రవరి వరుసలో 60 రోజుల దగ్గర 40యే ఉంటే, జనవరికి 55 ఉంది కాబట్టి వసూళ్ళు నెమ్మదించాయని అప్పుడే తెలుస్తుంది. 90 రోజులు నిండని నెలకి ఆ గడి ఖాళీగానే ఉంచండి. దీనికి పేమెంట్ రోలో ఇన్వాయిస్ నంబర్ ఉండి తీరాలి, ఒక పేమెంట్ మూడు ఇన్వాయిస్‌లకి వస్తే మూడు రోలుగా విడగొట్టాలి.

ఇది చాట్‌బాట్‌కి చెప్పేటప్పుడు ఇదే ఉదాహరణ, 10, 55, 85 రావాలని ముందే చెప్పి ఫార్ములా అడగండి. జవాబు తెలిసిన చిన్న డేటా ఉంటే అది తప్పు రాసినా అక్కడే దొరుకుతుంది. సెల్‌లోనే ఏఐని పిలిచే ఫంక్షన్లు వచ్చాయి కదా, వాటిని లెక్కలకి వాడొద్దు, మళ్ళీ లెక్కిస్తే జవాబు మారొచ్చు. వర్ణన చూసి పని రకం విడదీయడం లాంటివాటికి ఓకే, అదీ నల్లకోటు గారు చెప్పిన రహస్యం గొడవ తేలాకే.

టైమ్‌షీట్_బాధితురాలు

డేట్లు అచ్చం అదే అండి, సగం ఎడమకే ఉన్నాయి! వరుసల టేబుల్ ఇవాళ మొదలుపెడతా. ఫ్లాట్ ఫీజు కేసులు కొన్ని ఉన్నాయి, వాటిలో గంటకి రేటే ఉండదు కదా, రియలైజేషన్‌లో కలపాలా వద్దా?

నల్లకోటు

కలపొచ్చు, గంటలు రాస్తుంటే. ఆ గంటలకి మామూలు రేటు కట్టి, ఫీజుని దాంతో భాగించండి. పక్కనే ఫీజుని గంటలతో భాగించి గంటకి ఎంత పడిందో కూడా పెట్టండి, ఏ రకం కేసు ఫ్లాట్ ఫీజుకి ఒప్పుకోకూడదో మీ సార్‌కి తెలుస్తుంది. కేసు ముగిశాకే లెక్కలోకి తీసుకోండి, మధ్యలో తీస్తే గంటలు సగమే పడి ఉంటాయి, అన్నీ లాభంగానే కనబడతాయి. గెలిస్తేనే ఫీజు అనే కేసులు ఉంటే వాటిని ఈ పేజీలోకి అసలు రానివ్వకండి, వేరే షీట్.